పొలాల దారుల్లో ఎంటీబీ: కుక్కలు, బర్రెలు, జీవాలు ఎదురైతే

అడిగింది క్లుప్తంగా ఇదీ: నెల్లూరు జిల్లా కావలిలో ఉంటారు, కొత్తగా హార్డ్‌టెయిల్ ఎంటీబీ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ బైక్) కొన్నారు. జలదంకి, కలిగిరి వైపు డొంకల్లో, కాలవ కట్టల మీద పొద్దునా సాయంత్రం తొక్కుతున్నారు. మోటారు షెడ్ల దగ్గర కుక్కలు వెంటపడుతున్నాయి, గొర్రెల మంద చెదిరిపోయి కాపరి తిట్టాడు, వారానికి రెండు పంచర్లు. కుక్కలకి పెప్పర్ స్ప్రే కొనాలా, సాయంత్రం పూట మానెయ్యాలా అని ప్రశ్న.

స్ప్రే వద్దు. గాలికి ఎదురు తొక్కుతూ కొడితే సగం మీ కళ్ళల్లోనే పడుతుంది. పైగా కాపరి కుక్క మీద ఒక్కసారి కొట్టారంటే ఆ ఊరి డొంక ఇక మీది కాదు.

అసలు చిక్కు సైకిల్‌కి చప్పుడు లేకపోవడం. మన పక్క పశువులు పుట్టినప్పటి నుంచీ ట్రాక్టరు, ఆటో, ఎక్సెల్ బండి చప్పుడు వింటూనే ఉంటాయి. బండి ఇంకా మలుపు తిరగకముందే బర్రె చెవి తిప్పుతుంది, జరగాలో అక్కర్లేదో అప్పుడే తేల్చుకుంటుంది. సైకిల్ పది పదిహేను అడుగుల్లోకి వచ్చేదాకా దానికి తెలియదు. చప్పుడు లేకుండా వెనక నుంచి వేగంగా వచ్చేదేదైనా పశువు లెక్కలో వేటాడే జంతువే. అందుకే బెదరడం, తన్నడం, తరమడం.

కాబట్టి నలభై యాభై మీటర్ల దూరం నుంచే మీరు వస్తున్నట్టు తెలియాలి. బెల్లు కంటే గొంతు మేలు. బెల్లు మోత జీవాలకి కొత్త, మనిషి మాట పాతది. "హోయ్... వస్తన్నా" అని మామూలు గొంతుతో ఒకసారి, దగ్గరయ్యేకొద్దీ ఇంకో రెండుసార్లు. పెడల్ ఆపి వెనక చక్రం మధ్యలోని ఫ్రీహబ్‌ని టకటకలాడనిచ్చినా సగం పని అయిపోతుంది. పశువు తల తిప్పి చూసిందంటే మీరు వస్తున్నట్టు తెలిసినట్టే. తల తిప్పకపోతే తెలియలేదని లెక్క, ఇంకా దగ్గరికి పోకూడదు. ఆఖరి పది మీటర్లు నడక వేగమే.

ఇక బర్రెలు. దెబ్బలు ఎక్కువ తగిలేది కుక్కల వల్ల అనుకుంటారు గానీ, డొంకలో మనిషిని గాల్లోకి లేపి పడేసేది బర్రెని కట్టిన పలుపు. డొంక ఒక అంచున గుంజ పాతి, రెండు మూడు బారల తాడుతో బర్రెని కడతారు. అది మేసుకుంటూ మెల్లగా రెండో అంచుకి పోతుంది. తాడు దారికి అడ్డంగా దుమ్ములో పడి ఉంటుంది. కొన్నప్పుడు నీలం రంగు నైలాన్ తాడే, ఆర్నెల్లు ఎండకి వెలిసి, పేడలో మట్టిలో నాని, డొంక రంగుకే తిరిగి ఉంటుంది. నేల మీద ఉన్నంతసేపూ దాని మీదుగా చక్రం పోయినా ఏం కాదు. మీరు దగ్గరకి రాగానే బర్రె బెదిరి రెండడుగులు వేస్తుంది చూడండి, అప్పుడు తాడు బిగిసి మోకాలి ఎత్తుకి లేస్తుంది. సరిగ్గా ఫోర్కుకి, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ళకి తగులుతుంది. హ్యాండిల్ మీదుగా ముందుకి పడ్డారంటే మణికట్టో భుజం ఎముకో విరుగుతుంది.

అందుకని బర్రె కనపడగానే చూపు దాని మీద కాదు, మెడ నుంచి తాడు వెంట పోవాలి. తాడు ఎటు పోయిందో చూసి గుంజ ఎక్కడుందో పట్టుకోవాలి. గుంజకి అవతలి పక్క నుంచి, అంటే బర్రె లేని వైపు నుంచి దాటాలి. అటు కంపో కాలవో ఉండి సందు లేకపోతే దిగండి. ముందు సైకిల్ ఎత్తి తాడు అవతల పెట్టండి, తర్వాత మీరు దాటండి. తాడుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడటం మాత్రం చేయకండి.

సాయంత్రం మందగా ఇంటికి తోలుకొచ్చే బర్రెలు వేరే సంగతి. కట్ట వెడల్పంతా వాటిదే. ఎదురొస్తే దిగి పొలం వైపు అంచున నిలబడండి, నీళ్ళ వైపు వద్దు. కాలవ కనపడితే బర్రె అందులోకి దిగుదామనే చూస్తుంది, మధ్యలో మీరుంటే మీతో సహా దిగుతుంది. వెనకాల చిక్కుకుంటే తొందరపెట్టకండి. వెనక నుంచి తరిమితే చూలు బర్రె పరిగెత్తి కాలు జారుతుంది, పాడి బర్రె ఆ పూట పాలు సరిగా చేపదు. తోలేవాళ్ళ కోపం ఊరికే రాదు. "అమ్మా, సందు ఇస్తే పోతా" అని అడిగితే వాళ్ళే కర్రతో ఒక పక్కకి నెడతారు. కొత్తగా ఈనిన ఆవు, బర్రె పక్కన దూడ కనపడితే తల్లికీ దూడకీ మధ్య నుంచి పోయే ఆలోచనే వద్దు, కాసేపు ఆగైనా సరే.

ఒంగోలు గిత్తలు చూడటానికి భయంగా ఉంటాయి గానీ, ముక్కుతాడు వేసి మనిషి చేతిలో ఉన్నవి నిమ్మళంగానే పోతాయి. జాగ్రత్త పడాల్సింది బండలాగుడు పందేలకి తయారుచేసే జతలతో. పందేల రోజులకి ముందు పొద్దున్నే వాటిని కాలవ రోడ్ల మీద నడిపిస్తుంటారు. బలంగా మేపిన గిత్తలు, చిన్నదానికే చిరాకు పడతాయి. అవి కనపడగానే దిగి, సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య పెట్టుకుని కదలకుండా నిలబడండి. వదిలేసిన ఆంబోతు ఎదురై తల వంచి, ముందుకాలితో మట్టి గీకుతూ మీకు పక్కవాటంగా తిరిగితే, అది తన ఒడ్డూ పొడుగూ చూపించి బెదిరిస్తున్నట్టు. వీపు తిప్పకుండా, దాని మీద కన్ను వేసే వెనక్కి నడవండి.

జీవాల సంగతికొస్తే, కాపరి తిట్టడంలో తప్పులేదు. నెల్లూరు జాతి గొర్రె కాళ్ళు పొడుగు, పరుగు ఎక్కువ. ఒకటి ఎటు దూకితే మంద మొత్తం అటే. మంద మధ్యలోంచి పోతే అది రెండు ముక్కలవుతుంది. వెనక ముక్క మీరు ముందున్నంతసేపు కదలదు, మీరు దాటగానే ముందు ముక్కని కలుసుకోవడానికి పొలాలకి అడ్డంపడి పరిగెడుతుంది. ఎవరిదో మినుము చేను తొక్కితే ఆ తగువు కాపరి మెడకి చుట్టుకుంటుంది, జీవాల్ని బందెలదొడ్డికి తోలతామంటారు. మీరు అప్పటికి అర కిలోమీటరు అవతల ఉంటారు.

చేయాల్సింది: మంద కనపడగానే ముందు కాపరి ఎక్కడున్నాడో చూడండి. సాధారణంగా వెనక ఒకరు, ముందో పక్కనో ఇంకొకరు ఉంటారు. "పెద్దాయనా, ఎటు పక్క నుంచి పొమ్మంటారు?" అని అడగండి. ఆయన నోటితో ఒక కూత వేస్తే మంద మొత్తం ఒక అంచుకి ఒరుగుతుంది, మీరు గంట మోగించినా జరగని పని అది. అప్పుడు ఒక కాలు నేలకి ఆనించుకుంటూ, ఆగకుండా, ఒకే వేగంతో పోవాలి. మధ్యలో ఫొటో కోసం ఆగకండి. రాత్రి పొలంలో ఎరువు కోసం మంద కట్టిన చోట వలకంచె, తడికెలు ఉంటాయి. తెల్లారకముందు అటు పోవద్దు, కాపలా కుక్కలు అప్పుడే పనిలో ఉంటాయి.

కుక్కలు రెండు రకాలని గుర్తుపెట్టుకుంటే చాలావరకు అయిపోయినట్టే. మోటారు షెడ్డు, రొయ్యల గుంట, బత్తాయి తోట కాసే కుక్క కాపలా కాసేది స్థలాన్ని. మీరు ఆ హద్దు దాటితే అది వెనక్కి పోతుంది. మంద వెంట ఉండే కుక్క కాసేది జీవాల్ని. మంద కదిలితే దాని హద్దూ కదులుతుంది. మొదటిదాన్ని దాటిపోవచ్చు, రెండోదైతే మందకీ దానికీ మధ్యలో పడకుండా దూరంగా చుట్టు తిరిగిపోవాలి.

ఏ కుక్కతోనూ పందెం పెట్టుకోకండి. గతుకుల డొంకలో మీ వేగం గంటకి పదిహేను పద్దెనిమిది కిలోమీటర్లు, ఊరకుక్క దానికి రెట్టింపు సులువుగా పరిగెత్తుతుంది. తిరిగే చక్రం, ఆడే పిక్క చూస్తే దానికి తరమబుద్ధి పుడుతుంది. రెండూ ఆగితే సగం ఉత్సాహం పోతుంది. కాబట్టి ఆగండి, దిగండి, సైకిల్ మీకూ కుక్కకీ మధ్య ఉండేటట్టు పట్టుకోండి. కళ్ళల్లోకి చూడకుండా, "ఛా! పో!" అని కోపంగా కాక గట్టిగా అనండి. అలాగే నడుస్తూ హద్దు దాటండి. ఇంకా మీదికొస్తే రాయి తీస్తున్నట్టు వంగండి, రాయి అక్కర్లేదు. మన ఊళ్ళల్లో ఆ వంగడం అర్థంకాని కుక్క అరుదు. మంద కుక్క మీద మాత్రం ఇది వాడొద్దు, అది తగ్గడానికి బదులు ఇంకా మీదికొస్తుంది. తొక్కుతూనే కాలితో తన్నబోవడం అన్నిటికంటే చెడ్డపని, బ్యాలెన్స్ పోయి కుక్క ముందే పడతారు. ఇద్దరు ముగ్గురు కలిసి పోతుంటే అందరూ దిగాలి. ముందువాడు దాటిపోతే వెనకవాడికి కాటు. చలికాలంలో పిల్లలు పెట్టిన తల్లి కుక్కలు ఎక్కువ, గడ్డివాముల పక్క నుంచి పోకుండా ఉంటే మంచిది.

కరిచిందంటే, లేదా గోరు గీరుకుని చర్మం తెగిందంటే, అక్కడే ఏ బోరు దగ్గరో సబ్బుతో ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ. సున్నం, కారం, కాఫీపొడి, కిరసనాయిలు ఏదీ పెట్టకూడదు, కట్టు బిగించకూడదు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. చర్మంలోకి వేసే పద్ధతిలో రేబీస్ టీకా 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో, కండలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా గాయంలోనూ దాని చుట్టూ వేయాలి, అడిగి వేయించుకోండి. పెంచిన కుక్కే కదా, టీకా వేయించాం కదా అని యజమాని అన్నా మీ టీకా మానకండి. వారానికి నాలుగు రోజులు తొక్కేవాళ్ళు ముందుజాగ్రత్త టీకా గురించి డాక్టర్ని అడగొచ్చు.

కోళ్ళ గురించి ఒక్క మాట. పిల్లల కోడి ఎటు పరిగెడుతుందో దానికే తెలియదు, ఆగడమే దారి. కాలికి తాడు కట్టి ఇంటిముందు నిలబెట్టిన పుంజు కనపడితే ఇంకా దూరం జరగండి. అది పందెం పుంజైతే దాని ధర మీ ఫోర్కు ధరకి తక్కువేం ఉండదు.

పాములు. కావలి, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు మాగాణుల్లో ఎలకలు, ఎలకల వెనక రక్తపింజర. వరి కోతల రోజుల్లో గట్ల మీద, గడ్డి మోపుల కింద ఉంటుంది, పొద్దుగూకాక వెచ్చగా ఉన్న దారి మీదికొచ్చి పడుకుంటుంది. ఉదయగిరి, కనిగిరి వైపు రాతి మెట్టల్లో చిన్నపింజర. తాచు, కట్లపాము అంతటా ఉన్నాయి. కట్లపాము తిరిగేది రాత్రే. మీకు పగలు అడ్డంగా పోయేది చాలాసార్లు జెర్రిపోతు, దానికి విషం లేదు. అయినా తేడా కనిపెట్టే పని మీకెందుకు? మూడు నాలుగు మీటర్ల దూరంలో ఆగి, పోయేదాకా చూడండి. కదలకుండా పడుకుని కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడితే రక్తపింజర, వెనక్కి తిరగండి.

పాము మీద నుంచి చక్రం పోనివ్వడం, ఎగిరి దాటడం రెండూ తప్పే. ముందు చక్రం తొక్కిన పాము మెలిక తిరిగి లేచేసరికి అక్కడికొచ్చేది మీ చీలమండ. కానీ కాట్లు పడేది తొక్కేటప్పుడు కంటే దిగినప్పుడు ఎక్కువ. పంచర్ వేయడానికి గడ్డిలో కూర్చోకండి, బోడి నేల చూసుకోండి. హెల్మెట్, గ్లౌజులు గట్టు మీద పెట్టి మళ్ళీ అలాగే తొడగకండి, దులపండి. చీలమండ మూసే షూ, మందం సాక్సు వేసుకోండి.

కరిస్తే పరుగు, తొక్కుడు, నడక మూడూ ఆపాలి. ఉంగరం, వాచీ, బిగుతు సాక్సు తీసేసి, కాలిని కర్రకి ఆనించి కదలకుండా కట్టండి. తాడుతో బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. 108 కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేటట్టుంటే మోటార్‌సైకిల్ మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టి ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. రక్తపింజర, చిన్నపింజర, తాచు, కట్లపాము నాలుగింటికీ విరుగుడు మందు ఒక్కటే, కాబట్టి పాముని పట్టుకోవడానికో చంపడానికో టైం వృథా చేయకండి.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదం. అడవి పంది కాదు, అడవి పంది కోసం కట్టిన కరెంటు తీగ. వేరుశనగ, మొక్కజొన్న, చెరుకు చేల చుట్టూ చిన్న చిన్న కర్రలు పాతి, మోకాలికి కిందుగా సన్నని తీగ లాగి, నేరుగా లైన్ నుంచి కరెంటు ఇచ్చేవాళ్ళు ఉన్నారు. చట్టవిరుద్ధం, మనుషులు చనిపోతున్నారు, అయినా ఆగడం లేదు. సోలార్ కంచె అది కాదు. దానికి నిలువు స్తంభాలు, ప్లాస్టిక్ ఇన్సులేటర్లు, హెచ్చరిక బోర్డు ఉంటాయి, సెకనుకొకసారి చిన్న దెబ్బగా కొడుతుంది, ముట్టుకుంటే జల్లుమంటుంది గానీ వదిలేస్తుంది. దొంగ తీగకి కర్రలు, కర్రలకి చుట్టిన ప్లాస్టిక్ పైపు ముక్కలు, కొన్నిచోట్ల బోర్లించిన సీసాలు. పొద్దుగూకాక కలిపి తెల్లారాక తీస్తారు, తీయడం మర్చిపోయే రోజులూ ఉంటాయి. అందుకే చేనుకి అడ్డంపడి దగ్గర దారి తొక్కడం ఏ వేళలోనూ వద్దు. దారిలో ఉండండి. దారికి అడ్డంగా సన్నని తీగ కనపడితే అది దేనిదైనా వెనక్కి తిరగండి. ఎవరైనా తగులుకుని పడి ఉంటే చేత్తో ముట్టుకోకండి. కరెంటు ఆపించేదాకా దగ్గరికి పోవద్దు, కరెంటు ఆఫీసుకీ 108 కీ ఫోన్ చేయండి.

పంది ఎదురైతే అది మామూలుగా తనే పారిపోతుంది. దాని దారికి అడ్డం లేకుండా ఒక పక్కకి జరిగితే చాలు. పిల్లలతో ఉన్న ఆడపంది, గాయపడ్డ పంది మీదికొస్తాయి. అప్పుడు చెట్టో గట్టో ఎక్కాలి.

ఎలుగుబంటి భయం ఉదయగిరి, రాపూరు, వెలిగొండల అంచు ఊళ్ళకే. రేగుపండ్ల రోజుల్లో, సీతాఫలాల రోజుల్లో, పుట్టలున్న చోట సంధ్యవేళ తిరుగుతుంది. మీరు మలుపు తిరిగి దాని ముందు పడటమే ప్రమాదం, కాబట్టి మళ్ళీ అదే మాట: గొంతు. పెనుశిల నరసింహ అభయారణ్యంలోకి, మార్కాపురం గిద్దలూరు వైపు నల్లమల పులుల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా సైకిల్ తీసుకుపోకూడదు. బాట కనపడింది కదా అని దిగితే కేసు.

వేగం పనికొచ్చేది ఒక్క తేనెటీగల దగ్గరే. పెద్ద తేనెపట్టు మర్రిచెట్టుకో, ఓవర్‌హెడ్ ట్యాంకు కిందో, వంతెన కిందో వేలాడుతుంది. లేచాయంటే చేతులు ఆడించకుండా, ముఖం కప్పుకుని ఎంత వేగంగా పోగలిగితే అంత వేగంగా పొండి. ఇంట్లోకో కారులోకో దూరండి. కాలవలో దూకితే తల ఎత్తేదాకా పైనే కాచుకుని ఉంటాయి.

పంచర్ల సంగతి. మన డొంకల్లో శత్రువులు రెండు. పల్లేరుకాయ నాలుగైదు చోట్ల సన్నగా పొడుస్తుంది, తుమ్మ ముల్లు ఒక్కటే గానీ లోతుగా దిగుతుంది. బొగ్గు బట్టీల కోసం చిల్లకంప కొట్టిన వారం డొంకంతా పుల్లలే, ఆ దారి కొన్నాళ్ళు వదిలేయండి. ట్యూబ్‌తో తంటాలు పడకండి, ట్యూబ్‌లెస్‌కి మారండి. 29 అంగుళాల చక్రం, 2.25 అంగుళాల వెడల్పు టైరుకి సీలెంట్ (చిల్లుని లోపల నుంచి మూసే ద్రవం) 90 నుంచి 100 మి.లీ. మన ఎండకి అది తొందరగా ఆరిపోతుంది, వేసవిలో ఆరు వారాలకోసారి వాల్వ్ కోర్ (గాలి కొట్టే వాల్వ్ లోపలి పిన్ను) తీసి చూసి 40 మి.లీ. కలపండి. సైకిల్ రేకుల షెడ్డులో ఉంచితే ఇంకా తొందరగా. ఏడాది కిందట వేసిన సీలెంట్ ఉందిలే అనుకునేవాళ్ళ టైరు విప్పితే ఎండిన రబ్బరు పొర తప్ప ఏమీ ఉండదు.

ముల్లు గుచ్చుకోగానే పీకకండి. చక్రాన్ని తిప్పి ముల్లున్న చోటు కిందికి తెచ్చి, అప్పుడు లాగి, అరనిమిషం అలాగే ఉంచండి, సీలెంట్ అక్కడికి చేరుతుంది. అయినా ఆగకపోతే ప్లగ్, అంటే చిల్లులోకి దూర్చే రబ్బరు ముక్క. గాలి 70 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్‌లో ముందు 21, వెనక 24 పీఎస్ఐ. ట్యూబే అయితే 30 కంటే తగ్గించొద్దు, గట్టు అంచుకి కొట్టుకుని ట్యూబ్‌కి పాము కాటు లాగా రెండు చిల్లులు పడతాయి.

వాన పడ్డాక నేలని బట్టి నడుచుకోండి. కనిగిరి, కలిగిరి వైపు ఎర్రనేల పూట తిరిగేసరికి ఆరుతుంది. దర్శి, అద్దంకి వైపు నల్లరేగడిలో రెండు మూడు రోజులు దిగొద్దు. వంద అడుగులకే మట్టి ఫోర్కులో నిండి చక్రం తిరగదు, బలవంతంగా తొక్కితే డీరేలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగాన్ని పట్టి ఉంచే ముక్క) వంగుతుంది. నీళ్ళు పెట్టిన వరి గట్టు మీద ఎప్పుడూ తొక్కకండి. ఎండ్రకాయలు తొలిచిన గట్టు పైకి గట్టిగానే కనపడుతుంది, చక్రం బరువుకి తెగి మడిలో నీళ్ళు కింద మడికి పోతాయి. రొయ్యల గుంటల కట్టలు కూడా అంతే, రోగం ఒక గుంట నుంచి ఇంకో గుంటకి పాకుతుందని వాళ్ళ భయం, అడక్కుండా పోవద్దు. దారికి అడ్డం పెట్టిన కంప తీస్తే, తీసినట్టే మళ్ళీ పెట్టి పొండి.

సాయంత్రం మానక్కర్లేదు, టైం మార్చుకోండి. బర్రెలు ఇంటికి మళ్ళడం, రక్తపింజర దారి మీదికి రావడం, పందుల తీగకి కరెంటు కలపడం, మూడూ పొద్దు వాలే ఆ గంటలోనే. కాబట్టి సూర్యాస్తమయానికి అరగంట ముందే తారు రోడ్డెక్కి ఉండాలి. మన వైపు నవంబర్ చివర్లో దాదాపు 5:40కే పొద్దు మునుగుతుంది, జూన్ చివర్లో 6:40 దాకా ఉంటుంది. నవంబర్‌లో 5:10కి, జూన్‌లో 6:10కి డొంక వదిలేయండి. పొద్దున కూడా చీకట్లో దిగకుండా, గట్టు మీద గడ్డిపోచ విడిగా కనపడేంత వెలుగు వచ్చాకే దిగండి.